కమాండ్ లైన్‌లో కీ షార్ట్‌కట్‌లు: ఎక్కడ మారిస్తే ఎంత దూరం పనిచేస్తాయి

2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి కొన్ని మండలాలు తీసి తిరుపతి జిల్లా ఏర్పాటు చేశారు. శ్రీకాళహస్తి, చంద్రగిరి అందులోకి వచ్చాయి. మండలాలవారీ వర్షపాతం లెక్కల్ని లినక్స్ కంప్యూటర్‌లో జిల్లాకో ఫోల్డర్‌గా దాచుకున్న విద్యార్థికి అప్పుడు తగిలే పని ఒకటుంది. ఇంతకుముందు కొట్టిన పొడవాటి కమాండ్‌ని పైబాణం కీతో తెచ్చుకుని, దాని మధ్యలో ఉన్న ‘చిత్తూరు’ తీసేసి ‘తిరుపతి’ పెట్టాలి. ఎక్కువమంది ఏం చేస్తారంటే, ఎడమబాణం కీని అదిమిపట్టి కర్సర్ అక్కడిదాకా వచ్చేవరకు చూస్తూ కూర్చుంటారు. ఒక్క అక్షరం దాటిపోతే మళ్లీ కుడిబాణం.

ఈ పనికి బాష్ షెల్‌లో, అంటే మనం కొట్టిన కమాండ్‌ని అందుకుని నడిపే ప్రోగ్రామ్‌లో, ముందునుంచీ దారులున్నాయి. కంట్రోల్-ఎ కొడితే వరుస మొదటికి, కంట్రోల్-ఇ కొడితే చివరికి వెళ్తాం. ఆల్ట్-బి ఒక మాట వెనక్కి, ఆల్ట్-ఎఫ్ ఒక మాట ముందుకు తీసుకెళ్తుంది. కంట్రోల్-డబ్ల్యూ వెనకున్న మాటను చెరిపేస్తుంది, కంట్రోల్-వై చెరిపినదాన్ని తిరిగి తెస్తుంది. కంట్రోల్-ఆర్ పాత కమాండ్‌లలో వెతుకుతుంది. అసలు కర్సర్ కదపకుండానే ^చిత్తూరు^తిరుపతి అని కొట్టి ఎంటర్ నొక్కినా సరిపోతుంది. ముందటి కమాండ్‌లో ఆ మాట మొదట కనిపించిన చోట మార్చి నడిపేస్తుంది. ఇవి నచ్చనివాళ్లు, చేతికి అందనివాళ్లు వేరే కీలు పెట్టుకోవచ్చు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఇంటర్నెట్‌లో దొరికిన రెండు వరుసలు ఒక ఫైల్‌లో అతికిస్తారు, ఒక కీ పనిచేస్తుంది, ఇంకోటి పనిచేయదు. కారణం తెలియక మొత్తం వదిలేస్తారు.

కారణం ఎక్కువసార్లు ఒకటే. కీ నొక్కిన క్షణం నుంచి షెల్‌కి చేరేలోపు మధ్యలో దాన్ని ఎవరో అందుకుంటున్నారు. తిరుమల వెళ్లే బండి అలిపిరి దగ్గర ఆగి తనిఖీ అయ్యాకే కొండెక్కినట్టు, ప్రతి కీ కొన్ని అంచెలు దాటాలి. ఏ అంచెలో మార్పు చేశామన్నదాన్ని బట్టే ఆ కీ పనిచేస్తుందా లేదా అన్నదీ, ఆ మార్పు మనతో ఎంత దూరం వస్తుందన్నదీ తేలుతుంది.

కీ దాటే అంచెలు

మొదటిది డెస్క్‌టాప్, దాని మీద తెరిచిన టెర్మినల్ విండో. ఆల్ట్-ట్యాబ్ లాంటివి డెస్క్‌టాపే తీసేసుకుంటుంది. కొన్ని టెర్మినల్‌లలో ఆల్ట్-ఎఫ్ కొడితే ఫైల్ మెనూ తెరుచుకుంటుంది, మాట ముందుకు కదలదు. టెర్మినల్ సెట్టింగుల్లో మెనూ అక్షరాల్ని ఆపేస్తేనే ఆ కీ లోపలికి వెళ్తుంది. మ్యాక్ టెర్మినల్‌లో ఆప్షన్ కీ మామూలుగా ప్రత్యేక గుర్తులు రాయడానికి ఉంటుంది. దాన్ని మెటా కీగా, అంటే ఆల్ట్‌లా, వాడుకునే సెట్టింగ్ ఆన్ చేయాలి. ఒకే విండోలో చాలా షెల్‌లు నడిపే టీమక్స్ ప్రోగ్రామ్ వాడేవాళ్లకి మధ్యలో ఇంకో అంచె ఉంటుంది, అది కంట్రోల్-బిని తన కోసం ఉంచుకుంటుంది. స్క్రీన్ అనే పాత ప్రోగ్రామ్ అయితే కంట్రోల్-ఎనే తీసేసుకుంటుంది.

టెర్మినల్ వదిలిన కీ షెల్‌కి కీగా వెళ్లదు, బైట్‌లుగా వెళ్తుంది. పైబాణం నొక్కితే ఎస్కేప్ గుర్తు, తర్వాత [, తర్వాత పెద్ద ఎ అక్షరం, మూడు గుర్తులు వరుసగా వెళ్తాయి. ఆల్ట్-బి అంటే ఎస్కేప్, వెంటనే బి. కంట్రోల్‌తో కలిపిన అక్షరాలు ఆస్కీ పట్టికలోని మొదటి 32 స్థానాల్లోకి కుదించుకుపోతాయి. కంట్రోల్-ఎ అంటే 1, కంట్రోల్-ఐ అంటే 9. ట్యాబ్ కూడా 9వదే. కంట్రోల్-ఎమ్, ఎంటర్ రెండూ 13. అందుకే కంట్రోల్-ఐకి కొత్త పని అప్పజెప్పిన మరుక్షణం ట్యాబ్‌తో ఫైల్ పేర్లు పూర్తవడం ఆగిపోతుంది. ఇందులో షెల్ తప్పేమీ లేదు. దాని దగ్గరికి వచ్చేసరికి ఆ రెంటికీ తేడానే మిగలదు. షార్ట్‌కట్ ఎంచుకునే ముందు ఐ, ఎమ్, జె, హెచ్, [ అనే ఐదింటిని కంట్రోల్‌తో కలపకుండా పక్కన పెట్టేయడం మేలు.

ఏ కీ ఏం పంపుతుందో ఊహించాల్సిన పని లేదు. ప్రాంప్ట్ దగ్గర కంట్రోల్-వి కొట్టి, ఆ తర్వాత కావలసిన కీ నొక్కితే అది పంపిన గుర్తులు తెర మీద అలాగే పడతాయి. ఏమీ పడకపోతే ఆ కీ టెర్మినల్ దాటి రాలేదని అర్థం. అప్పుడు షెల్ ఫైల్‌లలో ఎన్ని మార్పులు చేసినా ఫలితం ఉండదు.

రెండో అంచె కెర్నల్‌లోని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలోని, టెర్మినల్ డ్రైవర్. తెర బిగుసుకుపోయిందని కంగారుపడే సందర్భాల్లో చాలావాటికి మూలం ఇదే. కంట్రోల్-ఎస్ కొడితే డ్రైవర్ తెర మీదికి వచ్చే రాతను ఆపేస్తుంది, కంట్రోల్-క్యూ కొడితే వదులుతుంది. సేవ్ చేసే అలవాటుతో కంట్రోల్-ఎస్ కొట్టిన విద్యార్థి ల్యాబ్ ఎగ్జామ్ మధ్యలో టెన్షన్ పడిపోయి విండో మూసేస్తాడు, కొట్టిందంతా పోతుంది. బాష్‌లో కంట్రోల్-ఎస్‌కి ఉన్న అసలు పని చరిత్రలో ముందుకు వెతకడం. ఎస్‌టిటివై -ఇక్సాన్ అనే కమాండ్ ఒకసారి ఇస్తే డ్రైవర్ ఆ కీ మీద పట్టు వదిలేస్తుంది. దీన్ని బాష్ మొదలైనప్పుడల్లా చదివే బాష్‌ఆర్‌సి ఫైల్‌లో పెట్టుకోవడం ప్రతి కొత్త విద్యార్థికీ చెప్పదగ్గ మొదటి మార్పు.

కంట్రోల్-డబ్ల్యూ సంగతి ఇంకా తిరకాసు. మాట చెరపడం, వరుస చెరపడం లాంటి పాత పనులు డ్రైవర్‌లోనే ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. బాష్‌లో కమాండ్ వరుసను దిద్దే లైబ్రరీ పేరు రీడ్‌లైన్. అది మొదలయ్యేటప్పుడు డ్రైవర్‌లోని ఆ కీల్ని చూసి వాటికి సరిపోయే తన పనుల్ని తగిలించుకుంటుంది. అందుకే రీడ్‌లైన్ సెట్టింగుల ఫైల్‌లో కంట్రోల్-డబ్ల్యూకి కొత్త పని రాసినా అది పట్టించుకోనట్టే ఉంటుంది. అదే ఫైల్‌లో బైండ్-టిటివై-స్పెషల్-క్యార్స్ అనే అంశాన్ని ఆఫ్ చేస్తే మనం రాసిందే నిలుస్తుంది.

మూడో అంచె రీడ్‌లైన్. బాష్‌ని గ్నూ ప్రాజెక్టు కోసం రాసిన బ్రయన్ ఫాక్సే దీన్నీ మొదలుపెట్టారు. బాష్ 1989లో బయటికి వచ్చింది. ఆ తర్వాతి కాలం నుంచి రెంటినీ చెట్ రేమీ చూసుకుంటున్నారు. కమాండ్ వరుసను దిద్దే పని చేసేది బాష్ అనుకుంటాం గానీ ఆ పని రీడ్‌లైన్‌ది. ఇదే లైబ్రరీని జీడీబీ డీబగ్గర్, పోస్ట్‌గ్రెస్ క్లయింట్, బీసీ క్యాల్క్యులేటర్ లాంటివీ వాడుకుంటాయి. ఈ అంచె లేని చోట ఏమవుతుందో చూడాలంటే ఉబుంటులో ఎస్‌హెచ్ అని కొట్టి పైబాణం నొక్కాలి. పాత కమాండ్ రాదు, ^[[ఎ అనే గుర్తులు పడతాయి. అక్కడ నడిచేది డాష్ అనే చిన్న షెల్, ఉబుంటు దాన్ని వరుస దిద్దే సదుపాయం లేకుండా ఇస్తుంది. డీబీఎంఎస్ ల్యాబ్‌లో లినక్స్ మీద ఒరాకిల్ డేటాబేస్ ప్రోగ్రామ్ ఎస్‌క్యూఎల్ ప్లస్ తెరిచినా ఇదే తంతు. పెద్ద సెలెక్ట్ వాక్యంలో ఒక కామా తప్పితే పైబాణంతో తెచ్చుకుని దిద్దలేం. ఆర్‌ఎల్‌ర్యాప్ అనే చిన్న ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసి, ఆర్‌ఎల్‌ర్యాప్ ఎస్‌క్యూఎల్ ప్లస్ అని మొదలుపెడితే అక్కడ కూడా బాణం కీలు, కంట్రోల్-ఆర్ అన్నీ పనిచేస్తాయి. డేటాబేస్ ల్యాబులు నడిపేవాళ్లు ఈ ఒక్కటి అన్ని మెషిన్‌లలో పెట్టించినా పిల్లలకి ఎంతో సమయం మిగులుతుంది.

ఏ ఫైల్‌లో రాయాలి

షార్ట్‌కట్‌ని బాష్‌ఆర్‌సిలో బైండ్ కమాండ్‌తో రాయవచ్చు, లేదా హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఇన్‌పుట్‌ఆర్‌సి ఫైల్‌లో రాయవచ్చు. రెండోదే మంచిది. బాష్‌ఆర్‌సిలో రాసింది బాష్‌కే పరిమితం. ఇన్‌పుట్‌ఆర్‌సిలో రాసింది రీడ్‌లైన్ వాడే ప్రతి ప్రోగ్రామ్‌లోనూ పనిచేస్తుంది. ఒక్క బాష్‌కే కావలసినవాటిని అదే ఫైల్‌లో, బాష్ అయితేనే అనే షరతు మధ్య పెట్టుకునే వీలూ ఉంది.

వరుస రాసే తీరు తేలికే. కోట్‌లలో కీ పంపే గుర్తులు, తర్వాత కోలన్, తర్వాత చేయవలసిన పని పేరు. తెలుగు లిపిలో చూపిస్తే ఇలా ఉంటుంది, మెషిన్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి:

"\ఇ[ఎ": హిస్టరీ-సెర్చ్-బ్యాక్‌వర్డ్
"\ఇ[1;5డి": బ్యాక్‌వర్డ్-వర్డ్

మొదటిది పైబాణానికి. కమాండ్‌లో మొదటి కొన్ని అక్షరాలు కొట్టి పైబాణం నొక్కితే ఆ అక్షరాలతో మొదలైన పాత కమాండ్‌లు మాత్రమే వరుసగా వస్తాయి. ఉన్న మార్పులన్నిటిలో ఎక్కువ ఉపయోగం దీనిదే. అలవాటైన కీ అలాగే ఉంటుంది, పని మాత్రం మెరుగవుతుంది. రెండోది కంట్రోల్ పట్టుకుని ఎడమబాణం నొక్కినప్పుడు ఒక మాట వెనక్కి వెళ్లడానికి. ఫైల్ మార్చాక కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ఆర్ వరుసగా కొడితే బాష్ దాన్ని మళ్లీ చదువుకుంటుంది. బైండ్ -పి కొడితే పనుల జాబితా అంతా, ఏ కీకి ఏది తగిలించి ఉందో సహా వస్తుంది.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. మన హోమ్ ఫోల్డర్‌లో ఇన్‌పుట్‌ఆర్‌సి లేనప్పుడు మాత్రమే రీడ్‌లైన్ సిస్టమ్ మొత్తానికి ఉన్న ఇటిసి ఫోల్డర్‌లోని ఇన్‌పుట్‌ఆర్‌సిని చదువుతుంది. ఉబుంటులో కంట్రోల్-బాణాలు మాట మాటగా కదలడం లాంటివి ఆ ఫైల్‌లో రాసి ఉంటాయి. సొంత ఫైల్ పెట్టుకున్న రోజు నుంచి వాటిలో కొన్ని ఆగిపోవచ్చు, అప్పుడు కొత్తగా రాసిన వరుసే పాడుచేసిందనిపిస్తుంది. సొంత ఫైల్ మొదటి వరుసలో డాలర్ గుర్తుతో ఇన్‌క్లూడ్ అని రాసి సిస్టమ్ ఫైల్ దారి ఇస్తే ఏదీ పోదు.

చెరిపే పనుల్లో యునిక్స్-ఫైల్‌నేమ్-రబౌట్ అనేదాన్ని తప్పక చూడాలి. కంట్రోల్-డబ్ల్యూ ఖాళీ దొరికేదాకా చెరుపుతుంది కాబట్టి పొడవాటి ఫోల్డర్ దారి మొత్తం పోతుంది. ఇది ఖాళీ దగ్గరైనా, ఏటవాలు గీత దగ్గరైనా ఆగుతుంది, అంటే ఒక్కో ఫోల్డర్ పేరే పోతుంది. దీనికి ముందునుంచీ ఏ కీ కేటాయించి లేదు, మనమే తగిలించుకోవాలి. చిత్తూరు ఫోల్డర్‌ని తిరుపతిగా మార్చే పనికి ఇంతకంటే అనువైనది లేదు.

ఒక కీకి పని బదులు రాతనే తగిలించవచ్చు. ఆల్ట్-ఎస్ కొడితే వరుస మొదటికి వెళ్లి సూడో (అడ్మిన్ హక్కులతో నడపమనే మాట) అని రాసి, తిరిగి చివరికి వచ్చేలా చేసుకోవచ్చు. ఇలాంటి వాటిలో ఎంటర్ మాత్రం చేర్చకూడదు. పొరపాటున నొక్కిన కీ కమాండ్‌ని నడిపేస్తే, అందులోనూ సూడోతో, నష్టం తిరిగిరానిది. వరుసను దిద్దే కీ దిద్దడంతోనే ఆగాలి, నడిపే నిర్ణయం చేతితో నొక్కే ఎంటర్‌కే వదలాలి. దీనికి తోడు ఒక మంచి కీ బాష్‌లో ముందే ఉంది. ఆర్‌ఎమ్‌తో ఫైల్‌లు చెరిపే కమాండ్‌లో నక్షత్రం వాడినప్పుడు, ఎంటర్ కొట్టే ముందు కంట్రోల్-ఎక్స్, ఆ తర్వాత నక్షత్రం నొక్కితే ఏ ఏ ఫైల్‌లు పోబోతున్నాయో ఆ వరుసలోనే పేర్లు విప్పి చూపిస్తుంది.

విఐ ఎడిటర్ కీల పద్ధతి అంటే ఇష్టమున్నవాళ్లు సెట్ -ఓ విఐ అని మార్చుకోవచ్చు. యునిక్స్ తరహా సిస్టమ్‌లకి ఉన్న పోసిక్స్ ప్రమాణంలో ఎస్‌హెచ్ షెల్‌కి రాసిన దిద్దే పద్ధతి కూడా విఐదే, బాష్ మామూలుగా వాడే ఈమాక్స్ ఎడిటర్ పద్ధతి అందులో లేదు. అయినా రోజంతా విఐ తరహా ఎడిటర్ విమ్‌లోనే ఉండేవాళ్లకి తప్ప మిగతావాళ్లకి ఇది భారమే అవుతుంది. ఏ పద్ధతిలో ఉన్నామో ప్రతి వరుసలోనూ గుర్తుపెట్టుకోవాల్సి వస్తుంది.

మ్యాక్‌లో 2019 నాటి కాటలినా నుంచి కొత్త యూజర్‌లకి వచ్చే షెల్ జెడ్ షెల్. అది రీడ్‌లైన్ వాడదు, ఇన్‌పుట్‌ఆర్‌సి చదవదు. బైండ్‌కీ అనే సొంత కమాండ్ ఉంది. రెండు తేడాలు ముందే తెలిస్తే చాలు. బాష్‌లో కంట్రోల్-యు కర్సర్ నుంచి మొదటిదాకా చెరిపితే, జెడ్ షెల్‌లో వరుస మొత్తం చెరుపుతుంది. ఏ ఎడిటర్ వాడాలో చెప్పే ఎడిటర్ వేరియబుల్‌లో విఐ అనే అక్షరాలుంటే జెడ్ షెల్ అడగకుండానే విఐ పద్ధతిలోకి వెళ్తుంది. గిట్ కోసం విమ్‌ని ఎడిటర్‌గా పెట్టుకున్న రోజు కంట్రోల్-ఎ పనిచేయడం మానేసిందని గాభరాపడేది ఇందుకే. జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సి ఫైల్ మొదట్లో బైండ్‌కీ -ఇ అని ఒక వరుస రాస్తే తీరిపోతుంది.

మనతో వచ్చేవి, రానివి

తిరుపతిలో చదువుకుని చెన్నై, బెంగళూరు కంపెనీల్లో చేరి, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు రేణిగుంటలోనో పీలేరులోనో కూర్చుని ఎక్కడో ఉన్న సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్తారు. అప్పుడు టెర్మినల్ ఇక్కడుంటుంది, రీడ్‌లైన్ అక్కడుంటుంది. టెర్మినల్ సెట్టింగుల్లో చేసిన మార్పు ఏ సర్వర్‌కి వెళ్లినా పనిచేస్తుంది. సొంత ల్యాప్‌టాప్‌లోని ఇన్‌పుట్‌ఆర్‌సి మాత్రం సర్వర్ గడప దాటదు. పదిమంది వాడే సర్వర్ ఖాతాలో సొంత ఇన్‌పుట్‌ఆర్‌సి పెట్టడం పక్కవాళ్ల చేతికి అడ్డుపడటమే. కాలేజీ ల్యాబ్‌లో అందరూ స్టూడెంట్ అనే ఒకే లాగిన్ వాడేచోట కూడా ఇదే మర్యాద పాటించాలి. అలాంటి చోట సొంత ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, బైండ్ -ఎఫ్ అని దాని దారి ఇస్తే ఆ ఒక్క సెషన్‌కే అమలవుతుంది. టెర్మినల్ మూయగానే ఏమీ మిగలదు.

ఫోన్ హాట్‌స్పాట్ మీద ఎస్‌ఎస్‌హెచ్ వాడేటప్పుడు షార్ట్‌కట్‌ల విలువ ఇంకా తెలుస్తుంది. ఎడమబాణం నొక్కిన ప్రతిసారీ ఆ గుర్తులు సర్వర్‌కి వెళ్లి, కర్సర్ కదిలిన సంగతి తిరిగి రావాలి. సిగ్నల్ మందగిస్తే కర్సర్ ఆగిందనుకుని ఇంకో నాలుగుసార్లు నొక్కుతాం, అది కావలసిన చోటు దాటిపోతుంది. మాట మాటగా దూకితే ఆ రాకపోకలే తగ్గుతాయి. మరీ పొడవైన కమాండ్ అయితే కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ఇ వరుసగా కొడితే అది ఎడిటర్‌లో తెరుచుకుంటుంది. ఎడిటర్ మూయగానే ఆ కమాండ్ నడుస్తుంది కాబట్టి, వద్దనుకుంటే మూసే ముందు రాసినదంతా చెరిపేయాలి.

అందుకే కంట్రోల్-ఎ, కంట్రోల్-ఇ, కంట్రోల్-ఆర్, ఆల్ట్-బి లాంటి అసలు కీలకి వేరే పని పెట్టకపోవడం మంచిది. ఏ సర్వర్‌కి వెళ్లినా, రీడ్‌లైన్ ఉన్న ఏ ప్రోగ్రామ్ తెరిచినా అవి అలాగే దొరుకుతాయి. కొత్త పనుల్ని ఖాళీగా ఉన్న కీలకి తగిలించుకుంటే సొంత ఫైల్ లేని చోట కొంచెం సౌకర్యం తగ్గుతుందేమో గానీ చెయ్యి తప్పుదారి పట్టదు.

తెలుగులో కొట్టేవాళ్లకి

ఫైల్‌లకి, ఫోల్డర్‌లకి తెలుగు పేర్లు పెట్టుకునేవాళ్లకి కొన్ని సంగతులు అదనంగా కావాలి. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ ఆన్‌లో ఉన్నప్పుడు బి కీ స్థానంలో ‘వ’ ఉంటుంది. ఆల్ట్ పట్టుకుని దాన్ని నొక్కితే ఎస్కేప్ వెంట బి వెళ్లాల్సిన చోట తెలుగు అక్షరం వెళ్లవచ్చు, షార్ట్‌కట్ పనిచేయదు. బాణాలు, హోమ్, ఎండ్ కీలకి లేఅవుట్‌తో పనిలేదు. రెండు భాషల్లో కొట్టే చేతికి ఆల్ట్-అక్షరం కన్నా కంట్రోల్-బాణమే నమ్మదగ్గది. పైన చూపిన రెండో వరుస వీళ్లకి ముఖ్యంగా పనికొస్తుంది.

మాట ఎక్కడ ముగుస్తుందన్నది ఇంకో చిక్కు. రీడ్‌లైన్ దృష్టిలో మాట అంటే అక్షరాలు, అంకెలు. యూనికోడ్ తెలుగు గుణింతపు గుర్తుల్ని అక్షరాల కిందే లెక్కిస్తుంది, పొల్లును మాత్రం లెక్కించదు. ‘తిరుపతి’లో పొల్లు లేదు. ‘చిత్తూరు’లో ఒత్తు ఉంది కాబట్టి దాని మధ్యలో కనపడని పొల్లు ఉంది, ఆ వర్గీకరణను నమ్ముకున్న ప్రోగ్రామ్ అక్కడే ఆగే వీలుంది. ఖాళీలను, ఏటవాలు గీతలను చూసి ఆగే పనులకి ఈ బెడద లేదు. తెలుగు ఫోల్డర్ పేర్ల మీద పనిచేసేవాళ్లు యునిక్స్-ఫైల్‌నేమ్-రబౌట్‌కి మంచి కీ కేటాయించుకోవడానికి ఇది మరో కారణం. ఒత్తుల్ని, గుణింతాల్ని టెర్మినల్ చూపించే వెడల్పు వేరు, షెల్ లెక్కించే వెడల్పు వేరు అయినప్పుడు కర్సర్ అసలు చోటు కన్నా పక్కన కనిపిస్తుంది. అలాంటప్పుడు కంటికి కనిపించే చోటును నమ్మి అక్షరం అక్షరం చెరిపేకన్నా పేరు మొత్తం చెరిపి మళ్లీ కొట్టడం క్షేమం.

లొకేల్, అంటే సిస్టమ్‌లోని భాష, అక్షరాల సెట్టింగ్, సరిగా లేకపోతే ఇవేవీ పనిచేయవు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకీ మూడు బైట్‌లు; ‘చిత్తూరు’లో ఎనిమిది గుర్తులు, 24 బైట్‌లు. ఆ బైట్‌లన్నీ 127 దాటిన విలువలే. ఉత్త సి లొకేల్‌లో నడిచే సర్వర్‌లో రీడ్‌లైన్ అలాంటి బైట్‌ని మెటా కీతో కొట్టినదిగా అనుకుని ఎస్కేప్‌గా విడగొడుతుంది. తెర మీద అక్షరాల బదులు \340\260 లాంటి అంకెలు పడతాయి. సర్వర్‌లో తెలుగు లొకేల్ ఇన్‌స్టాల్ చేసి ఉండాల్సిన పనిలేదు, సి.యూటీఎఫ్-8 ఉంటే చాలు. లొకేల్ మార్చాక కొత్త షెల్ తెరిచి బైండ్ -వి కొట్టాలి. అందులో కన్వర్ట్-మెటా ఆఫ్ అని, ఇన్‌పుట్-మెటా, అవుట్‌పుట్-మెటా ఆన్ అని కనిపిస్తే ప్రాంప్ట్ దగ్గర తెలుగు పేర్లు కొట్టడానికి రీడ్‌లైన్ వైపు నుంచి అడ్డేమీ లేనట్టే.